మందు పూసిన తీగ

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగిన ప్రశ్నకి నవ్వేసి ఊరుకున్నాను. "తాతయ్యా, నీ గుండెలో పెట్టిన స్ప్రింగుకి మందు పూశారటగా, జబ్బు నీకా, స్ప్రింగుకా?" అంది. రాత్రి పడుకున్నాక తోచింది, అది నవ్వేసే ప్రశ్న కాదని. జబ్బు నాదే. మందు మాత్రం ఆ స్ప్రింగు చేసే గాయం కోసం.

నా చిన్నప్పుడు పెరట్లో చెట్టుకి బట్టలారేసే ఇనుపతీగ చుట్టారు. మొదటి ఏడు తీగ బెరడుని కొరుకుతున్నట్టు ఉండేది. రెండో ఏటికి రెండు వైపులా బెరడు పెదవుల్లా ఉబ్బింది. నాలుగేళ్లకి తీగ చెట్టు నోట్లోంచి వస్తున్నట్టే ఉంది! చెట్టుకి ఆకలి కాబోలనుకుని, దాని నోట్లోంచి తీగ లాగబోయి అరచెయ్యి కోసుకున్నాను. చెట్టు తినడం లేదని, నొక్కుకున్నచోట గాయం మాన్పుకుంటోందని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

గుండెకి రక్తం తెచ్చే నాళం వెడల్పు సుమారు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. అందులో కొవ్వు పేరుకుంటే దారి మూసుకుపోతుంది. 1977లో జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు సన్నటి బెలూన్ పంపి, లోపల ఊది, దారి తెరిచాడు. కొన్ని నెలల్లోనే మూడోవంతు మందికి మళ్లీ మూసుకుపోయేది. 1986లో స్టెంట్ వచ్చింది, చిన్నది స్ప్రింగు అన్నది దీన్నే. వెంట్రుక మందం తీగలతో అల్లిన జల్లెడ గొట్టం అది. గోడని గట్టిగా నిలబెట్టింది. అయినా నలుగురైదుగురిలో ఒకరికి దారి మళ్లీ ఇరుకయ్యేది. ఎందుకంటే నాళమూ ఆ చెట్టు లాంటిదే. తీగ నొక్కినచోట గోడలోని కండర కణాలు పొంగి, జల్లెడ కన్నాల్లోంచి లోపలికి పెరిగి, తీగని కప్పేస్తాయి. కప్పడం మంచిదే. ఎక్కడ ఆపాలో వాటికి తెలియదు, అదీ చిక్కు. చెట్టుకైతే బయట ఆకాశమంతా ఖాళీ. నాళం లోపల ఉన్నదే మూడు మిల్లీమీటర్లు.

అందుకని తీగకే మందు పూశారు. ఆ మందు కథ వింటే మీరు నమ్మరు. 1964లో ఈస్టర్ దీవి నుంచి తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. అది తయారుచేసే పదార్థమే సిరోలిమస్. కణం రెండుగా చీలకుండా ఆపుతుంది. దాన్ని ప్లాస్టిక్ లాంటి పూతలో కలిపితే కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా ఊరుతుంది.

మనుషులకి పెట్టేముందు పందులకి పెట్టి చూశారు. పంది గుండె, దాని నాళాలు మన వాటిలాగే ఉంటాయి. కొన్నిటికి ఉత్త స్టెంట్, కొన్నిటికి పూత మాత్రమే ఉన్నది, కొన్నిటికి మందున్నది. ఇరవై ఎనిమిది రోజులయ్యాక నాళాల్ని పలచగా కోసి, మైక్రోస్కోపు కింద కొలిచారు. మందున్నచోట లోపలి పెరుగుదల దాదాపు సగమే. కానీ మూడు నెలలు, ఆరు నెలలు ఆగి చూసిన పందుల్లో ఆ తేడా నిలవలేదు! మనుషుల్లో మాత్రం నిలిచింది. పంది గాయం మన కంటే తొందరగా మానుతుంది, అవి పడుచు పందులు, వాటి నాళాల్లో కొవ్వు లేదు. అందుకని పంది చెప్పింది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. అంతమాత్రం చెప్పడానికీ అవి ప్రాణం ఇచ్చాయి. ఎవర్నైనా పందీ అని తిట్టబోయేటప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి.

ఇంకో సంగతి. మందు మరీ బాగా పనిచేస్తే తీగ మీద చర్మం కప్పడమూ ఆలస్యమవుతుంది. బోసి తీగకి రక్తం గడ్డకట్టి అంటుకోవచ్చు. నేను రోజూ రెండు మాత్రలు లెక్కపెట్టుకుని మింగడం చూసి మీరు వెక్కిరిస్తారే, అవి అందుకే.

తీగో మేకో దిగిన చెట్టు మీకెక్కడైనా కనబడితే దగ్గరికెళ్లి, ఉబ్బిన అంచుని వేలితో తడిమి చూడండి. పై అంచు ఎక్కువ ఉబ్బిందో, కింది అంచో నాకు రాయండి. లాగకండి మాత్రం.

మీ తాతయ్య