ప్రభుత్వ రికార్డుల్లో వ్యక్తిగత వివరాలు: అపోహలు - వాస్తవాలు

పౌర సమాచార అధికారిగా కొన్నేళ్లపాటు సమాచార హక్కు దరఖాస్తులకు జవాబులు రాసిన నేను, రికార్డు గదిలో పదేపదే విన్న మాటలివి.

అపోహ: ఎవరి పేరైనా ఉన్న ఫైలు వ్యక్తిగతమే కాబట్టి దరఖాస్తును తిరస్కరించవచ్చు.

వాస్తవం: పేరు లేని ఫైలు మా కార్యాలయాల్లో వెతికినా దొరకదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె) వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చిన మాట నిజమే. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తెచ్చిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చి, ఆ మినహాయింపును విస్తరించడమే కాక అదే క్లాజులో ఉన్న ప్రజాప్రయోజన పరీక్షను కూడా తొలగించింది. అయితే వెల్లడించడంవల్ల కలిగే హానికన్నా ప్రజాప్రయోజనం మిన్న అయినప్పుడు సమాచారం ఇవ్వవచ్చనే సెక్షన్ 8(2), ఇవ్వకూడని భాగాన్ని వేరుచేసి మిగిలినది ఇచ్చే వీలు కల్పించే సెక్షన్ 10 యథాతథంగా ఉన్నాయి. కాంట్రాక్టరు బిల్లు ఫైలులో బ్యాంకు ఖాతా సంఖ్యను మూసివేసి, కొలతల పుస్తకం నకలు ఇవ్వడానికి అడ్డేముంది? సవరణ పేరు చెప్పి ఫైలు మొత్తానికి తాళం వేయడం నా దృష్టిలో బద్ధకమే.

అపోహ: లబ్ధిదారుల జాబితా బహిరంగ పత్రం కాబట్టి అందులోని ప్రతి గడీ బహిరంగమే.

వాస్తవం: రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలని సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4 చెబుతోంది. అయితే ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రదర్శించరాదని ఆధార్ చట్టంలోని సెక్షన్ 29 చెబుతోంది. పేరు, ఊరు, పథకం, అందిన సొమ్ము నోటీసు బోర్డుకు ఎక్కితే చాలు.

అపోహ: నల్ల స్కెచ్ పెన్నుతో గీస్తే వివరం దాగినట్టే.

వాస్తవం: గీసిన కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంకెలు కనిపిస్తాయి, అందుకే గీసినదాన్ని మళ్లీ జిరాక్సు తీసి, ఆ ప్రతినే ఇవ్వాలి. పీడీఎఫ్‌లో నల్ల పెట్టె అతికించినా దాని కింది అక్షరాలు చాలాసార్లు కాపీ అవుతాయి. ఒకసారి నా ముందుకు వచ్చిన రెండు జాబితాల్లో ఒకదానిలో ఆధార్ మొదటి 8 అంకెలను, మరోదానిలో చివరి 4 అంకెలను మూసివేశారు. రెండూ పక్కపక్కన పెడితే 12 అంకెలూ బయటపడ్డాయి. అప్పటినుంచి బయటికి వెళ్లే జాబితా ఏదైనా, ముద్రణకు ముందే ఆధార్ గడిని పూర్తిగా తీసివేయిస్తున్నాను.