ప్యూజెట్ సౌండ్ మోళ్ల భూములు: పచ్చిక బయలుకు పడిన ఖరీదు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న సియాటిల్ నగరానికి ఉత్తరంగా ఉన్న లిన్‌వుడ్, బాథెల్ పట్టణాల్లో ఇవాళ తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. అక్కడి పార్కుల్లో సాయంత్రం నడకకు వెళ్లేవారికి లేత చెట్ల నడుమ నాచు పట్టిన పాత సెడార్ మోళ్లు కనిపిస్తాయి. వాటిలో కొన్ని మనిషి ఎత్తును మించి ఉంటాయి, చుట్టూ ముగ్గురు నలుగురు చేతులు చాపి నిలబడినా అందనంత లావుంటాయి. నేల నుంచి బాగా పైన ఒక్కొక్క మోడుకు ఇరువైపులా గాట్లు ఉంటాయి. నూరేళ్ల కిందట చెట్లు కొట్టిన కూలీలు ఆ గాట్లలో పలకలు దూర్చి, వాటి మీద నిలబడి, చెరొక పక్క నుంచి రంపం లాగారు. చెట్టు అడుగు భాగం ఉబ్బి, మెలి తిరిగి, జిగురుతో నిండి ఉంటుంది గనుక కోత మిల్లుకు అది పనికిరాదు. పలకల మీద ఎక్కి పైన కోస్తే శ్రమ తగ్గుతుంది, దుంగ నాణ్యత పెరుగుతుంది. కలప కంపెనీకి అలా మిగిలిన శ్రమ ఎక్కడికీ పోలేదు. ఆ తరువాత అదే నేల మీద ఆవును మేపుకోవాలని వచ్చిన మనిషి నెత్తిన పడింది.

చెట్లు కొట్టిన భూమిని మేత భూమిగా మార్చడానికి ఎంత ఖర్చవుతుంది, దాన్ని ఎవరు భరించాలి అన్న ప్రశ్న ఆ ప్రాంతంలో ఇప్పటికీ సజీవంగానే ఉంది. ఐదెకరాలు కొని, చెట్లు అమ్ముకుని, రెండు గుర్రాలకు పచ్చిక వేసుకుందామనుకునే యజమానికి మోళ్లు పెకలించే ఖర్చు మొదట లెక్కలోకి రాదు. వచ్చేసరికి కలప మీద వచ్చిన డబ్బులో పెద్ద భాగం అటే వెళ్లేలా ఉంటుంది. ఈ చిక్కు ఎలా పుట్టిందో తెలియాలంటే 19వ శతాబ్దపు రైల్వే భూదానాల దాకా వెనక్కి వెళ్లాలి.

1864లో అమెరికా ప్రభుత్వం నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు, పట్టాలు వేసేందుకు ప్రోత్సాహంగా, దారికి ఇరువైపులా అపారమైన భూమిని దానమిచ్చింది. 1900 జనవరిలో ఆ రైల్వే సంస్థ వాషింగ్టన్ రాష్ట్రంలోని 9 లక్షల ఎకరాల అడవిని ఎకరం 6 డాలర్ల చొప్పున కలప వ్యాపారి ఫ్రెడరిక్ వేయర్‌హౌజర్ బృందానికి అమ్మింది. అది నేల ఒక్కదాని ధర కాదు, దాని మీద వందల ఏళ్లుగా పెరిగి నిలిచిన డగ్లస్ ఫర్, సెడార్, హెమ్లాక్ చెట్లతో కలిపి చెల్లించిన ధర. ఐదేళ్లు తిరిగేసరికి, అంటే 1905 నాటికి, కలప ఉత్పత్తిలో వాషింగ్టన్ దేశంలోనే మొదటి స్థానానికి చేరింది. అడవి వెనక్కి తగ్గుతున్న కొద్దీ దాని వెంట మోళ్ల భూమి పెరుగుతూ పోయింది.

చెట్లు పోయిన నేలను కంపెనీలు ఉంచుకుంటే ఏటా పన్ను కట్టాలి, కొత్త అడవి కోతకు రావాలంటే తరం పైన పడుతుంది. అందువల్ల దాన్ని ముక్కలుగా చేసి సేద్యగాళ్లకు అమ్మడమే వాటికి లాభసాటిగా తోచింది. అడవి కొట్టిన చోట సేద్యం తప్పక వస్తుందన్న నమ్మకం ఆ రోజుల్లో బలంగా ఉండేది. కొత్తగా జనం వస్తే వ్యాపారం పెరుగుతుందని పట్టణాల వర్తకులు, పన్ను రాబడి పెరుగుతుందని మన జిల్లాల వంటి కౌంటీలు ఆ నమ్మకానికి వత్తాసు పలికాయి. స్కాండినేవియా దేశాల నుంచీ ఫిన్లాండ్ నుంచీ వలస వచ్చినవారు, కోత మిల్లుల్లో పని పోయినవారు, నగరంలో అద్దె కట్టలేక సొంత నేల కోరుకున్నవారు ఆ భూములు కొన్నారు. అలాంటి కమతానికి అక్కడి జనం పెట్టుకున్న పేరు స్టంప్ ర్యాంచ్, అంటే మోళ్ల కమతం.

మోడు తీయడం ఎంత కష్టమో మన దగ్గర జామాయిల్ తోట తీసేసి మళ్లీ పైరు వేద్దామనుకున్న రైతుకు కొంత తెలుసు. జామాయిల్ మోడు కొట్టినకొద్దీ చిగురు వేస్తుంది, దాని బాధ ఒక రకం. డగ్లస్ ఫర్ మోడు చిగురు వేయదు, కాని త్వరగా కుళ్లదు కూడా. జిగురు నిండిన దాని వేరు భాగం దశాబ్దాల పాటు గట్టిగా నిలుస్తుంది, సెడార్ మోడైతే నూరేళ్లకూ చెక్కుచెదరదు. ఎకరానికి అలాంటివి పదుల సంఖ్యలో ఉంటాయి. వాటి మధ్య కంపెనీ వదిలేసిన కొమ్మలు, విరిగిన దుంగలు, ఒకదాని మీద ఒకటి పడిన పుచ్చు చెట్లు కలిసి నేల కనపడనంత తుక్కు పేరుకుని ఉంటుంది. గొడ్డలి, పలుగు, ఒక గుర్రం తప్ప వేరే ఆధారం లేని కుటుంబం ఏడాదంతా పాటుపడితే ఒక ఎకరం బాగుచేసుకోవడమే గొప్ప.

సమస్య ఎంత ముదిరిందంటే, 1911లో అమెరికా వ్యవసాయ శాఖ పశ్చిమ ఆరెగాన్, పశ్చిమ వాషింగ్టన్‌లలో చెట్లు కొట్టిన భూములను పచ్చికకు వాడుకోవడం గురించి ఒక పుస్తికను, మరుసటి ఏడాది అదే ప్రాంతంలో భూమిని బాగుచేసే పద్ధతులు, ఖర్చుల గురించి మరొక పుస్తికను ప్రచురించవలసి వచ్చింది. పెద్ద మోళ్లున్న చోట ఎకరం పూర్తిగా బాగుచేయడానికి నూరు డాలర్లు దాటడం ఆ రోజుల్లో మామూలు. చెట్లతో సహా కంపెనీ 6 డాలర్లకు కొన్న తరహా భూమిలో, చెట్లు పోయాక మిగిలిన మోళ్లను తీయడానికే సేద్యగాడు దానికి పదిహేను రెట్లకు మించి పెట్టవలసి వచ్చిందన్న మాట. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి కీలకం ఈ రెండు అంకెల మధ్య దూరమే.

పద్ధతులు నాలుగైదు ఉండేవి, ప్రతిదానికీ దాని ఖరీదు ఉండేది. అన్నిటికన్నా చవకైనది మోడును నిలువునా కాల్చి బూడిద చేయడం. మోడు చుట్టూ ఎండు కట్టెలు పేర్చి, నిప్పు అంటుకున్నాక దాన్ని బంకమట్టితో కప్పి, మన బొగ్గు బట్టీలలో లాగా గాలి అందీ అందకుండా రోజుల తరబడి లోపలే రగలనిస్తారు. జిగురున్న ఫర్ మోడు అలా వేళ్ల దాకా కాలుతూ దిగిపోతుంది. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, కాని మట్టి ఎక్కడ పగిలినా వెంటనే కప్పడానికి పగలూ రాత్రీ మనిషి కాపలా ఉండాలి. బంక నేలలో ఇది చక్కగా పనిచేసేది. గులకరాళ్ల నేలలో కప్పు నిలవక గాలి దూరి, మంట పైకెగసి ఆరిపోయేది. ఆ ప్రాంతపు మెరక భూముల్లో ఎక్కువ భాగం గులకరాళ్ల నేలే కావడం సేద్యగాడి దురదృష్టం.

రెండవది తూటాలు పెట్టి పేల్చడం. మోళ్ల కోసమే తక్కువ శక్తి గల డైనమైట్‌ను ప్రత్యేకంగా తయారుచేసి అమ్మేవారు. డ్యూపాంట్ కంపెనీ టకోమా నగరానికి దక్షిణాన 1909లో తెరిచిన పేలుడు పదార్థాల కర్మాగారానికి మోళ్ల భూములు కూడా ఒక పెద్ద అంగడి అయ్యాయి. కర్మాగారం చుట్టూ వెలసిన ఊరికి ఇప్పటికీ ఆ కంపెనీ పేరే ఉంది. పెద్ద ఫర్ మోడు ఒక్కదానికి పదుల పౌన్ల మందు పట్టేది, పేలాక కూడా చీలికలైన ముక్కలను లాగి, పోగుచేసి, కాల్చాలి. లాగడానికి గుర్రం గానుగెద్దులా చుట్టూ తిరుగుతూ ఉక్కు తాడు చుట్టే యంత్రాలుండేవి. స్తోమత ఉన్నవాడు దుంగలు ఈడ్చే ఆవిరి యంత్రాన్ని, దాన్ని నడిపే మనుషులతో సహా అద్దెకు తెచ్చుకుని ముక్కలను కొండలా పేర్చి తగలబెట్టేవాడు. డబ్బున్నవాడికి నెలల్లో అయ్యే పని లేనివాడికి ఏళ్లు పట్టేది. మందు కొనడానికి కావలసిన డబ్బు కోసం సేద్యగాడు మళ్లీ అదే కలప కంపెనీల కోత శిబిరాల్లో కూలికి వెళ్లి, ఇంకొక చోట కొత్త మోళ్లను మిగిల్చి రావడం మామూలైంది.

అప్పు తేవడమూ తేలిక కాదు. 1916 నాటి ఫెడరల్ వ్యవసాయ రుణ చట్టం కింద భూమి విలువలో సగం వరకు, దాని మీది నిర్మాణాల విలువలో ఐదో వంతు వరకు అప్పు ఇచ్చేవారు. మోళ్లతో నిండిన నేలకు విలువ కట్టేదే తక్కువ, అందువల్ల దాని మీద పుట్టే అప్పు మోళ్లు తీయడానికి సరిపోదు. తీస్తే గాని విలువ రాదు, విలువ వస్తే గాని తీయడానికి అప్పు పుట్టదు.

పచ్చిక బయలు అన్న ఆలోచన ఈ ఇరకాటంలోంచే పుట్టింది. దున్నాలంటే మోళ్లన్నీ పోవాలి, మేపాలంటే వాటి మధ్య నేల కనిపిస్తే చాలు. అందుకే తుక్కును వేసవి చివర కాల్చి, బూడిద ఇంకా మెత్తగా ఉండగానే శరదృతువు వానలకు ముందు ఆర్చర్డ్ గడ్డి, రై గడ్డి, తిమోతి, తెల్ల క్లోవర్ విత్తనాలు చల్లి, మోళ్లను అలాగే ఉంచి పశువులను వదలమని వ్యవసాయ నిపుణులు సలహా ఇచ్చారు. కొన్నేళ్లు అలా మేపితే చిన్న వేళ్లు చీకిపోతాయి, పాల డబ్బులు చేతికి వస్తాయి, తరువాత తీరిగ్గా ఏటా కాస్త చొప్పున మోళ్లు తీసుకోవచ్చునన్నది లెక్క. ఆ సలహా తెలివైనదే, అది ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. కాని కాలానికీ ఖరీదుంటుంది. ఆ కొన్నేళ్లూ పన్ను కట్టాలి, వడ్డీ కట్టాలి, మోళ్ల మధ్య కొడవలి గాని యంత్రం గాని తిరగదు గనుక చలికాలపు ఎండు గడ్డి బయట కొనాలి. ఒక్క ఏడాది అశ్రద్ధ చేస్తే బ్రాకెన్ ఫెర్న్, ఆల్డర్ మొక్కలు గడ్డిని మింగేసేవి. ఆ తుప్పను తినడానికి అంగోరా మేకలను కూడా ప్రయోగించారు.

కాల్చడంలోని ప్రమాదం అప్పటికే తెలిసింది. 1902 సెప్టెంబరులో రాష్ట్రపు దక్షిణ భాగంలో చెలరేగిన యాకోల్ట్ మంటల్లో 2 లక్షల ఎకరాలకు పైగా తగలబడి, 38 మంది చనిపోయారు. కోత తుక్కు ఆ మంటలకు మేత అయింది. అగ్ని నిరోధక చట్టాలు గట్టిపడింది ఆ తరువాతే.

ఈ భూముల అమ్మకానికి అందరికన్నా పద్ధతైన రూపం ఇచ్చింది ప్యూజెట్ మిల్ అనే కలప కంపెనీ. ఇవాళ లిన్‌వుడ్ ఉన్న చోటే అది 1917లో ఆల్డర్‌వుడ్ మేనర్ పేరుతో 5, 10 ఎకరాల ముక్కలు అమ్మకానికి పెట్టి, కొత్తవారికి సేద్యం నేర్పడానికి ఒక ప్రదర్శన క్షేత్రాన్ని కూడా నడిపింది. సియాటిల్, ఎవరెట్ నగరాల మధ్య 1910 నుంచి తిరుగుతున్న విద్యుత్ రైలు పక్కనే ఆగేది. చక్కగా తేర్చిన ఆ క్షేత్రాన్ని చూసి మురిసి ముక్క కొన్నవారికి సొంత ముక్కలో దిగాక గాని మోళ్ల సంగతి అర్థమయ్యేది కాదు. అక్కడ ఆవుల కన్నా కోళ్లు ముందుకు రావడానికి కారణం ఊహించవచ్చు, కోళ్ల షెడ్డుకు మోళ్ల మధ్య కొద్ది జాగా చాలు. గుడ్ల వ్యాపారం కొన్నేళ్లు బాగానే సాగి, 1930ల మాంద్యంలో చితికిపోయింది. అంత ఖర్చు పెట్టి తేర్చిన మెరక నేల కూడా గొప్పది కాదు. హిమానీనదాలు వదిలిన గులక ఇసుక, రెండు మూడడుగుల లోతున రాయిలాంటి గట్టి పొర, ఇదీ ఆ నేల. నేలల వర్గీకరణలో ఈ రకానికి ఆల్డర్‌వుడ్ అన్న పేరే ఉంది.

ప్రభుత్వ సాయం చెదురుమదురుగా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిన పేలుడు పదార్థాలను 1920లలో వ్యవసాయ శాఖ పైరోటాల్ వంటి రూపాల్లో దాదాపు తయారీ ఖర్చుకే రైతులకు పంచింది. ఆ నిల్వలు అయిపోగానే ఆ సాయమూ ఆగింది. తూర్పున విస్కాన్సిన్‌లోనూ ఇదే కథ కొద్ది తేడాలతో నడిచింది. అక్కడ విశ్వవిద్యాలయం 1916లో మోళ్లు తీసే పద్ధతులు చూపించే ప్రత్యేక రైళ్లనే నడిపింది. అదే రాష్ట్రంలోని ఒనైడా కౌంటీ 1933లో, కొన్ని భూములు సేద్యానికి తగవని ఒప్పుకుని, అక్కడ కొత్త కమతాలను నిషేధించింది.

వాషింగ్టన్‌లో ఆ ఒప్పుకోలు పన్ను బకాయిల రూపంలో వచ్చింది. కంపెనీలూ సేద్యగాళ్లూ పన్ను కట్టలేక వదిలేసిన భూములు కౌంటీల చేతికి చేరాయి. 1920లలో చేసిన చట్టాల వల్ల అలాంటివి 5 లక్షల ఎకరాలకు పైగా అడవి పెంపకం కోసం రాష్ట్ర నిర్వహణలోకి వచ్చాయి. అయినా మాంద్యం, మైదాన రాష్ట్రాల కరువు కలిసి మరొక తరం నిరుపేదలను ఇదే మోళ్ల మధ్యకు తరిమాయి. 1939 ఆగస్టులో ఛాయాచిత్రకారిణి డొరొథియా లాంజ్ ప్రభుత్వ సంస్థ తరఫున థర్‌స్టన్, లూయిస్ కౌంటీలలో తీసిన ఛాయాచిత్రాల్లో ఆ కుటుంబాలు, వారి పిల్లలు, ఇంటి వాకిలి దాకా నిలిచిన మోళ్లు, వాటిని నెడుతున్న బుల్‌డోజర్ కనిపిస్తాయి. ప్రభుత్వ రుణాలతో వచ్చిన ఆ యంత్రం ఏళ్ల పనిని రోజుల్లోకి తెచ్చింది. అయితే అజాగ్రత్తగా తోస్తే మోడుతో పాటు పలుచటి పైమట్టిని కూడా కుప్పలోకి నెట్టేసేది, ఆ మట్టి లేని చోట గడ్డి సరిగా లేవదు.

రెండేళ్లకు, 1941లో, మాంటెసానో దగ్గర వేయర్‌హౌజర్ కంపెనీ తన కోసిన భూముల్లోనే అడవిని పంటగా పెంచే క్షేత్రాన్ని ప్రారంభించింది. నలభై ఏళ్ల పాటు పచ్చిక అవుతుందని అమ్మజూపిన తరహా నేలకు చెట్టే తగినదని కంపెనీలే తేల్చుకున్న సందర్భమది. 1974లో రాష్ట్రం తెచ్చిన అటవీ కార్యకలాపాల చట్టం ప్రకారం చెట్లు కొట్టిన యజమాని మళ్లీ నాటాలి. లేదా ఆ భూమిని పచ్చికకో ఇళ్లకో మారుస్తున్నానని ముందే ప్రకటించి, దానికి తగిన అనుమతి తీసుకోవాలి. చెప్పకుండా మార్చితే కౌంటీ ఆరేళ్ల దాకా అభివృద్ధి అనుమతులు ఆపవచ్చు. మోళ్ల ఖర్చులో ఇప్పుడు ఎక్స్‌కవేటర్‌కు గంటల చొప్పున ఇచ్చే కిరాయి, జనావాసాల దగ్గర కాల్చనివ్వరు గనుక వేళ్లను ముక్కలు చేసి లారీల్లో తరలించే ఖర్చు, పైమట్టి సరిచేసి గడ్డి వేసే ఖర్చు ఉంటాయి. 1900లో ఎవరి లెక్కల్లోనూ లేని ఈ ఖర్చులను, కొట్టాలా వద్దా అని తేల్చుకునే దరఖాస్తు నింపేటప్పుడే, అంటే చెట్టు ఇంకా నిలిచి ఉండగానే, యజమాని ఇవాళ లెక్క వేసుకోవలసి వస్తోంది.