మూతబడ్డ ఫైర్‌వాల్ పెట్టెల్లోకి ఓపెన్ సోర్స్ ఎలా వచ్చింది

సపోర్టు గడువు ముగియగానే ర్యాకులోంచి దింపేసే ఫైర్‌వాల్ పెట్టెల్లో చాలావాటికి ప్రాసెసర్, పోర్టులు, పవర్ సప్లై అన్నీ బాగానే ఉంటాయి. అయిపోయింది లైసెన్సూ, అప్‌డేట్లూ మాత్రమే. అలాంటి పెట్టెలో పీఎఫ్‌సెన్సో, ఓపీఎన్‌సెన్సో (ఎవరైనా ఉచితంగా ఎక్కించుకోగల ఓపెన్ సోర్స్ ఫైర్‌వాల్ సిస్టమ్‌లు) ఎక్కించి మళ్లీ పనిలో పెట్టొచ్చా? జవాబు సాఫ్ట్‌వేర్‌లో కన్నా పెట్టె తయారైన కాలంలోనే ఎక్కువగా ఉంది.

2001 మేలో లైసెన్సు తగాదా వచ్చి ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఐపీఫిల్టర్ అనే ప్యాకెట్ వడపోత భాగాన్ని తీసేశారు. ఆ ఖాళీని పూరించడానికి డానియెల్ హార్ట్‌మయర్ పీఎఫ్ రాశారు. అది అదే ఏడాది డిసెంబర్‌లో ఓపెన్‌బీఎస్‌డీ 3.0తో బయటికొచ్చి, తర్వాత దాని సోదర సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీకీ చేరింది. 2003లో మాన్యుయెల్ కాస్పర్ మోనోవాల్ అనే ఫైర్‌వాల్ సిస్టమ్ మొదలుపెట్టారు. సెట్టింగులన్నీ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో, నడిపేదంతా బ్రౌజర్‌లోంచి, చిన్న ఫ్లాష్ కార్డు మీద సరిపోయే సైజు. దాన్నుంచే 2004లో పీఎఫ్‌సెన్స్ చీలింది, 2006 అక్టోబర్‌లో దాని 1.0 వచ్చింది. 2015 జనవరిలో పీఎఫ్‌సెన్స్ నుంచి ఓపీఎన్‌సెన్స్ వేరుపడింది. మరుసటి నెలలో మోనోవాల్‌ను ఆపేస్తూ కాస్పర్ తన వాడకందార్లను అటే వెళ్లమన్నారు.

అదే కాలంలో ఫైర్‌వాల్ కంపెనీలు అమ్మిన పెట్టెల్లో చాలావాటి లోపల ఉన్నది మామూలు పీసీయే. వాచ్‌గార్డ్ ఫైర్‌బాక్స్ ఎక్స్ కోర్ సంగతే చూడండి: 1.2 గిగాహెర్ట్జ్ సెలెరాన్, 256 ఎంబీ మెమరీ, ఆరు రియల్‌టెక్ 10/100 పోర్టులు, హార్డ్ డిస్కు బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. స్క్రీన్ పోర్టు లేకపోయినా సీరియల్ పోర్టు (వేరే కంప్యూటర్‌లోని టెర్మినల్‌తో పెట్టెను నడిపే దారి) ఉంది. కార్డు తీసి, వేరే కంప్యూటర్‌లో పీఎఫ్‌సెన్స్ ఎంబెడెడ్ ఇమేజ్ రాసి, తిరిగి పెడితే బూటయ్యేది. బూటయ్యేది ఎవరి కోడో సరిచూసే ఏర్పాటు అందులో లేదు.

అయినా చిక్కులు తక్కువేం కాదు. ముందు సీరియల్ కేబుల్: 9 పిన్నుల పోర్టయితే నల్ మోడెమ్ కేబుల్, ఆర్‌జే45 పోర్టయితే రోల్‌ఓవర్ కేబుల్ కావాలి. తర్వాత సీరియల్ లైన్ వేగం. బయోస్ (పెట్టెను మొదట లేపే ప్రోగ్రామ్) 9600లో మాట్లాడుతుంటే ఇన్‌స్టాలర్ 115200లో మాట్లాడవచ్చు. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే పెట్టె పాడైందనుకోకుండా టెర్మినల్ వేగం మార్చి చూడాలి. కార్డు స్లాట్‌కు డీఎంఏ (ప్రాసెసర్ జోక్యం లేకుండా డేటాను మెమరీకి చేర్చే పద్ధతి) లైన్లు కలపని బోర్డుల్లో బూట్ మధ్యలో 'రీడ్ డీఎంఏ' టైమవుట్లు వరసగా వచ్చి ఆగిపోతుంది. లోడర్‌లో (బూట్ మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లో) డీఎంఏ ఆపేసి పీఐఓ మోడ్ (డేటాను ప్రాసెసరే మోసే పద్ధతి) పెడితే నెమ్మదిగానైనా నడుస్తుంది. ఫైర్‌బాక్స్ తర్వాతి ఎక్స్-ఈ మోడళ్లలో పెద్ద కార్డు పెడితే బయోస్ బూట్ చేసేది కాదు. అందుకని ముందు చిన్న కార్డు మీద ఫ్రీడాస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, సీరియల్ కన్సోల్ మీదే మార్చిన బయోస్‌ను ఫ్లాష్ చేసేవాళ్లు (చిప్పులో తిరగరాసేవాళ్లు). ఈ దశలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదముంది కాబట్టి ముందే పాత బయోస్ కాపీ తీసుకోవడం, యూపీఎస్ మీద పెట్టడం తప్పనిసరి. అదే ఎక్స్-ఈలో మార్వెల్ గిగాబిట్ పోర్టులు లోడ్ పెరిగాక 'వాచ్‌డాగ్ టైమవుట్' అని ఆగిపోయేవి. డ్రైవర్‌కు ఎంఎస్ఐ ఇంటరప్టులు (పోర్టు చిప్పు ప్రాసెసర్‌ను పిలిచే ఒక పద్ధతి) ఆపేయడం దానికి వాడిన మందు.

ఈ తరం పెట్టెలకు తెర దించింది వాటి తయారీదార్లు కాదు. 2017 అక్టోబర్‌లో వచ్చిన పీఎఫ్‌సెన్స్ 2.4, 32 బిట్ ప్రాసెసర్లనూ ఫ్లాష్ కార్డు కోసం చేసిన నానోబీఎస్‌డీ ఇమేజ్‌నూ ఒకేసారి వదిలేసింది. ముందు ముందు 2.5కు ఏఈఎస్-ఎన్ఐ (ఎన్‌క్రిప్షన్ పనిని వేగంగా చేసే ఆదేశాలు) ఉన్న ప్రాసెసరే కావాలని అదే ఏడాది ప్రకటించడంతో చాలామంది పనిచేస్తున్న పెట్టెలు మార్చేసుకున్నారు. 2019లో ఆ షరతు వెనక్కి తీసుకున్నారు. ఏఈఎస్-ఎన్ఐ లేకపోయినా ఫైర్‌వాల్ నడుస్తుంది, వీపీఎన్ వేగమే పడిపోతుంది.

అదే 2017 ఫిబ్రవరిలో అంతకన్నా పెద్ద దెబ్బ బయటపడింది. నెట్‌వర్క్ పెట్టెల్లో విరివిగా వాడిన ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్పుల్లో క్లాక్ సిగ్నల్ ఇచ్చే సర్క్యూట్ కాలం గడిచేకొద్దీ చచ్చిపోతుంది. సుమారు 18 నెలల వాడకం తర్వాత ఎప్పుడైనా ఇలా జరగొచ్చని సిస్కో తన కొనుగోలుదార్లను హెచ్చరించింది. నడుస్తున్న పెట్టె రీబూట్ చేశాక మళ్లీ లేవకపోవడం దాని లక్షణం. పాత సరుకులో సీ2358, సీ2558, సీ2758 కనిపిస్తే చిప్పు ఈ లోపం సరిదిద్దిన సీ0 స్టెపింగ్‌దో (చిప్పు సవరణ సంఖ్య), అంతకు ముందుదో అడిగి తెలుసుకోవాలి. బీ0 అయితే, రిపేరు జరిగినట్టు ఆధారం లేకుండా తీసుకోవడం నా దృష్టిలో డబ్బు దండగే.

రక్షణ కోసం పెట్టే పరికరంలోనే రక్షణకు గండి పెట్టే భాగం ఒకటుంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ర్యాక్ మోడళ్లలో కొన్ని జతల పోర్టుల వెనక బైపాస్ రిలేలు ఉంటాయి. కరెంటు పోయినా ట్రాఫిక్ ఆగకూడదని, పెట్టె ఆరిపోగానే రెండు పోర్టులనూ నేరుగా కలిపేస్తాయి. తయారీదారు సాఫ్ట్‌వేర్ దీన్ని సొంత డ్రైవర్‌తో అదుపు చేస్తుంది. మనం ఎక్కించిన సిస్టమ్‌కు అది ఉన్న సంగతే తెలియదు. వ్యాన్ (ఇంటర్నెట్ వైపు), ల్యాన్ (లోపలి వైపు) పోర్టులు ఒకే జతలో పడితే రీబూట్ అవుతున్నంత సేపూ లోపలి నెట్‌వర్క్ బయటికి తెరిచినట్టే. అందుకే వాడకంలో పెట్టే ముందు ఒక జత పోర్టులకు రెండు ల్యాప్‌టాప్‌లు తగిలించి, ఒకే సబ్‌నెట్‌లో స్థిర అడ్రసులిచ్చి, పెట్టె ఆపేసి పింగ్ చేయాలి. జవాబు వస్తే బైపాస్ ఉన్నట్టు. బయోస్‌లో ఆపే వీలు లేకపోతే వ్యాన్‌ను ఒక జతలో, ల్యాన్‌ను మరో జతలో పెట్టాలి.

ఆ తర్వాతి తరాల్లో తలుపులు మూసుకుంటూ వచ్చాయి. 2013లో హాస్వెల్ ప్రాసెసర్లతో ఇంటెల్ బూట్ గార్డ్ తెచ్చింది. తయారీదారు తాళంచెవి ముద్రను చిప్‌సెట్‌లోని ఫ్యూజుల్లో శాశ్వతంగా వేసేస్తే, వాళ్లు సంతకం చేయని బయోస్‌ను ఇక నడపలేం. దాని పైన సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌నే బూట్ చేయనిచ్చే ఏర్పాటు) కూడా ఆపలేని విధంగా పెడితే బయటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు దారి ఉండదు. నకిలీ ఫర్మ్‌వేర్‌ను ఆపడం న్యాయమైన అవసరమే. కానీ సపోర్టు ముగిసిన రోజున ఆ తాళం తీసే బాధ్యతను కూడా తయారీదారు మీద పెట్టకపోతే, బాగున్న సామాను చెత్తలోకి పోతూనే ఉంటుంది.

తాళం లేకపోయినా పనిచేయని పెట్టెలున్నాయి. చాలా ఫోర్టీగేట్ మోడళ్లలో ప్యాకెట్ల పని కంపెనీ సొంత నెట్‌వర్క్ ప్రాసెసర్ చిప్పులదే. పీఎఫ్‌సెన్స్‌కూ ఓపీఎన్‌సెన్స్‌కూ పునాది అయిన ఫ్రీబీఎస్‌డీలో వాటికి డ్రైవర్ లేదు. మరికొన్ని పెట్టెల్లో ఎనిమిది పోర్టులు కనిపిస్తాయి కానీ లోపల ఒకే స్విచ్ చిప్పు ఉంటుంది, సిస్టమ్‌కు కనిపించే ఇంటర్‌ఫేస్ ఒకటో రెండో. కాబట్టి డిస్కు చెరిపే ముందే ఓపీఎన్‌సెన్స్ ఇన్‌స్టాలర్‌ను యూఎస్‌బీ నుంచి లైవ్‌గా (డిస్కు మీద ఎక్కించకుండానే) బూట్ చేసి, కనబడ్డ ఇంటర్‌ఫేస్‌లు ఎన్నో లెక్కపెట్టి, ఒక్కో పోర్టుకూ కేబుల్ పెట్టి తీస్తూ ఏ పేరు ఏ పోర్టుదో కాగితం మీద రాసుకోవాలి. ముందు ప్యానెల్ మీద అచ్చేసిన 0, 1, 2 వరసలోనే సిస్టమ్ పేర్లు వస్తాయన్న హామీ ఏమీ లేదు.