విక్టోరియాలో దిగకపోయినా కెనడా వీసా కావాలి: అలాస్కా క్రూజ్ అపోహలు - వాస్తవాలు

సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడల్లో గెస్ట్ సర్వీసెస్ డెస్క్ నా ఉద్యోగం. తెలుగు వచ్చినదాన్ని కాబట్టి ఏ తెలుగు కుటుంబానికి ఇబ్బంది వచ్చినా నాకే కబురొస్తుంది. ఎక్కువగా కబురొచ్చేది ప్రయాణం మధ్యలో కాదు, ఇంకా ఓడ ఎక్కకముందే, టెర్మినల్ చెక్-ఇన్ కౌంటర్ నుంచి. వెళ్ళి చూస్తే విషయం ఒకటే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంటుంది, కెనడా వీసా ఉండదు. వాళ్ళని ఓడ ఎక్కనివ్వరు. ఆ దశలో టికెట్టు డబ్బు కూడా తిరిగి రాదు. సీజను మొదలైతే ఇది మళ్ళీ మళ్ళీ చూస్తాను, అందుకే ముందు దీని గురించే రాస్తున్నాను.

అపోహ: అలాస్కా అమెరికాలోదే కదా, కెనడా వీసా దేనికి?

అలాస్కా అమెరికాదే. మీ ఓడ మాత్రం అమెరికాది కాదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా లాంటి చోట్ల రిజిస్టరయినవే. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అని. విదేశీ ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, తిప్పి తీసుకొచ్చి మళ్ళీ అక్కడే దించాలంటే మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తాకి తీరాలి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగే క్రూజులు సాధారణంగా కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని విక్టోరియాలో ఆగేది ఇందుకే. చాలా ఓడలు చివరి రోజు సాయంత్రం కొన్ని గంటలే ఆగుతాయి. బ్రోషర్లో ఆ పేరు జూనో, స్కాగ్‌వే, కెచికన్ లాంటి అలాస్కా రేవుల కింద ఎక్కడో చిన్నగా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. కెనడాలోని వ్యాంకూవర్ నుంచి బయల్దేరే క్రూజుల సంగతి చెప్పనే అక్కర్లేదు. హవాయి దీవుల్లో తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికాకి అమెరికా జెండా ఉంది కాబట్టి దానికి ఈ విదేశీ రేవు అవసరం లేదు.

అపోహ: మేం విక్టోరియాలో దిగం, ఓడలోనే కూర్చుంటాం.

నేను అందరికంటే ఎక్కువగా విన్న మాట ఇదే. దిగడం, దిగకపోవడంతో సంబంధం లేదు. ఓడ కెనడా రేవుకి వస్తోంది, అందులో మీరున్నారు. భారత పాస్‌పోర్టుకి కెనడా వీసా తప్పనిసరి, ఓడలో వెళ్ళే దారిలో ఆగినా సరే. కాగితాలు లేని మనిషిని తీసుకొస్తే కంపెనీ జవాబు చెప్పుకోవాలి. అందుకే సియాటిల్ టెర్మినల్లోనే చూసి ఆపేస్తారు. కౌంటర్లో ఉన్నవాళ్ళని బతిమాలి లాభం లేదు. వాళ్ళకి ఆ అధికారం లేదు, నాకూ లేదు.

ఈ పుకారు ఎక్కడ పుడుతుందో కూడా చూశాను. ఎవరో లాస్ ఏంజెలెస్ నుంచి మెక్సికో క్రూజుకి వెళ్ళొచ్చి, "మా అత్తమామల్ని వేరే వీసా ఏం అడగలేదు" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. నిజమే, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికో విడిగా వీసా అడగదు. కెనడా అడుగుతుంది. ఇంకొకరు "మేం పోయినేడు అలాస్కా వెళ్ళాం, ఏమీ కాలేదు" అంటారు. వాళ్ళకి గ్రీన్ కార్డు ఉండి ఉంటుంది. గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు రెండూ చెల్లుబాటులో ఉంటే కెనడా వీసా అక్కర్లేదు. అమెరికా పౌరులకీ అక్కర్లేదు. భారత పాస్‌పోర్టు మీద హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2 (సందర్శకుల వీసా)లో ఉన్నవాళ్ళందరికీ కావాలి. ఈటీఏ, అంటే ఆన్‌లైన్లో ఇచ్చే కెనడా ప్రయాణ అనుమతి, తీసుకుంటే సరిపోతుందని ఏజెంటు చెప్పాడంటారు ఇంకొందరు. భారత పౌరులకి ఈటీఏ ఇవ్వరు. అసలు అది విమానంలో వెళ్ళేవాళ్ళ కోసం పెట్టింది.

అంటే ఒకే ఇంట్లో కొడుకూ కోడలికి గ్రీన్ కార్డు, ఇద్దరు పిల్లలకి అమెరికా పాస్‌పోర్టు, అమ్మానాన్నలకి బి-2 ఉంటే నలుగురు ఎక్కుతారు, ఇద్దరు ఆగిపోతారు. అలాంటి కుటుంబాన్ని సియాటిల్ టెర్మినల్, పియర్ 91లో చూశాను. నాన్నగారు కొత్త స్వెట్టరు చేతిమీద వేసుకుని నిలబడ్డారు. అమ్మగారేమో కొడుకుతో "మీరెళ్ళి రండి నాన్నా, పిల్లలు ఎన్నాళ్ళనుంచో ఆశపడుతున్నారు. మాకు ఇంటి తాళం ఇచ్చెయ్, బియ్యం ఉన్నాయిగా" అంటోంది. ఆ అబ్బాయి నా వైపు తిరిగి "ఏదైనా ఫారం ఉంటే ఇప్పుడే నింపుతానండీ" అన్నాడు. అలాంటి ఫారం ఏదీ లేదు. చివరికి ఎవరూ వెళ్ళలేదు, ఆరుగురూ సూట్‌కేసులు తోసుకుంటూ పార్కింగ్ వైపు వెళ్ళిపోయారు. అమ్మానాన్నల్ని ఎంత ప్రేమతో తీసుకొచ్చాడో ఆ సూట్‌కేసులు చూస్తేనే తెలుస్తుంది. ఇలాంటివాళ్ళని అజాగ్రత్తపరులనడానికి నాకు నోరు రాదు. ఎవరూ చెప్పలేదు, అంతే.

కాబట్టి క్రమం ఇలా పెట్టుకోండి: ముందు కెనడా విజిటర్ వీసా, తర్వాతే డబ్బు వాపసు రాని టికెట్టు. అప్లికేషన్ ఆన్‌లైన్లోనే. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి మరో 85. అమ్మానాన్నలు ఇంకా ఇండియాలోనే ఉంటే విమానం ఎక్కకముందే చేయించండి, వేలిముద్రలు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. అమెరికా వచ్చేశాక కూడా అప్లై చేయొచ్చు, వేలిముద్రలు ఇక్కడి ఇమిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) అప్లికేషన్ సపోర్ట్ సెంటర్లలో ఇవ్వొచ్చు. ఆమోదం వచ్చాక స్టాంపింగ్ కోసం, అంటే వీసా అంటించడానికి, పాస్‌పోర్టు పంపాలి, ఆ రోజులు కూడా లెక్కలో వేసుకోండి. పాస్‌పోర్టు చేతిలో లేకుండా ఓడ ఎక్కలేరు.

హెచ్-1బి స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్ళు తిరిగి రావడం గురించి కంగారు పడుతుంటారు. కెనడాకి 30 రోజుల లోపు వెళ్ళొచ్చేవాళ్ళకి గడువు తీరిన వీసాతోనే తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) చెల్లుబాటులో ఉండాలి. అయినా మీ లాయర్‌నీ, క్రూజ్ కంపెనీనీ ముందే రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఇక కెనడా తాకొస్తే అమ్మానాన్నలకి అమెరికాలో ఉండే ఆరు నెలల గడువు కొత్తగా మొదలవుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

యూరప్‌లోనూ ఇదే తంతు. ఏథెన్స్ దగ్గర పిరేయస్‌లో ఎక్కి, టర్కీలోని కుశదాసి చూసి మళ్ళీ గ్రీసుకి వస్తే షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) లోకి రెండోసారి అడుగుపెట్టినట్టే. సింగిల్ ఎంట్రీ వీసా చాలదు, మల్టిపుల్ కావాలి.

అపోహ: మనకోసం ఓడ ఆగుతుంది.

క్రూజ్ కంపెనీ ద్వారా కొన్న టూరు ఆలస్యమైతే చూసుకుంటారు. సొంతంగా తిరగడానికి వెళ్ళి ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది. అలాస్కాలో అది మామూలు కష్టం కాదు. జూనోకి బయటి ఊళ్ళనుంచి రోడ్డే లేదు. కెచికన్ ఉన్నది ఒక దీవి మీద. స్కాగ్‌వేకి రోడ్డుంది, అది నేరుగా కెనడాలోకి పోతుంది, అంటే మళ్ళీ అదే వీసా. స్కాగ్‌వే నుంచి కెనడాలోని యూకాన్ వైపు తీసుకెళ్ళే బస్సు టూర్లకీ ఇదే వర్తిస్తుంది. అలాస్కా టైము సియాటిల్ కంటే గంట వెనక. ఫోన్లో ఏది కనిపించినా నమ్మకండి. ఓడలో ప్రకటించే షిప్ టైమే లెక్క, అందరూ ఓడలోకి వచ్చేయాల్సిన ఆల్-అబోర్డ్ గడువు సాధారణంగా బయల్దేరే సమయానికి అరగంట ముందే ఉంటుంది.

అపోహ: టికెట్టు కొంటే అంతా ఫ్రీ.

గది, బఫే, మెయిన్ డైనింగ్ అందులోనే. వైఫై, కూల్‌డ్రింకులు, స్పెషాలిటీ రెస్టారెంట్లు చాలా టికెట్లలో ఉండవు. మనిషికి రోజువారీ టిప్పు బిల్లులో దానంతటదే పడుతుంది. ఓడలో డాక్టరు ఉంటారు, ఫీజు తీసుకుంటారు. అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ సముద్రం మీద, కెనడాలో పనిచేస్తుందో లేదో పాలసీ తెరిచి చదవండి.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి.

లేదు. మొదటి రాత్రే మెయిన్ డైనింగ్‌లో హెడ్ వెయిటర్‌కి చెప్పండి. పప్పు, కూర, అన్నం మర్నాటి భోజనానికి చేయించి పెడతారు. మెనూలో ఉండదు, అడిగితేనే వస్తుంది. పెద్దవాళ్ళు మొహమాటపడి బ్రెడ్డూ పళ్ళతో గడిపేస్తారు, వాళ్ళ తరఫున మీరే అడగండి. రైస్ కుక్కరు, కెటిల్ తీసుకురావద్దు, స్కానింగ్‌లో పట్టుకుని పక్కన పెట్టేస్తారు. ఇంట్లో వండినవీ సాధారణంగా రానివ్వరు, సీలు ఉన్న ప్యాకెట్లయితే పరవాలేదు.

అపోహ: ఏడు రోజులూ వాంతులే.

అలాస్కా వెళ్ళే సముద్ర మార్గం ఇన్‌సైడ్ పాసేజ్‌లో రెండువైపులా దీవులే, నీళ్ళు చాలావరకు నిలకడగా ఉంటాయి. ఊపు ఉండేది బయటి సముద్రం తగిలే చోట. కింది డెక్కుల్లో, ఓడ మధ్యలో గది తీసుకుంటే అదీ తక్కువే. బీపీ, షుగర్ మందులు మాత్రం పోర్టరుకి ఇచ్చే సూట్‌కేసులో పెట్టకండి. అది గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. చేతి సంచిలో పెట్టుకోండి.