శిఖం పట్టా ప్లాటైన చోట మొదలైన ఎఫ్‌టీఎల్ తగవు

హైదరాబాద్‌లో చెరువు ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా జేసీబీలు చెరువు ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ వినిపించేది ఒకటే వాదన: ఇది పట్టా భూమి, రిజిస్ట్రేషన్ అయింది, అనుమతి ఉంది. గొలుసుకట్టు చెరువుల చరిత్ర, 1908 మూసీ వరద అందరికీ తెలిసినవే. ఇవాళ్టి గొడవకు మూలం మాత్రం శిఖం పట్టాలో ఉంది.

శిఖం అంటే చెరువు గర్భంలోని నేల. కొంత సర్కారుది, కొంత రైతుల పట్టా. నీరు తగ్గాక ఆ తడిలో పంట వేసుకోవచ్చు గానీ చెరువు నిండకుండా ఆపే హక్కు పట్టాదారుకు లేదు. ఆయకట్టు సాగైనన్నాళ్లూ ఈ కట్టుబాటును కింది రైతులే కాపాడారు. నిండిన చెరువు అదనపు నీటిని పొర్లించే అలుగును ఎవరైనా కొడితే ఎండేది వాళ్ల పొలాలే మరి. నగరం పెరిగి ఆ ఆయకట్టే కాలనీలయ్యాక చెరువుకు కాపలా పోయింది. శిఖం పట్టాలు గజాల లెక్కన అమ్ముడుపోయాయి. తర్వాత జరిగినదంతా ఈ మలుపు పర్యవసానమే.

ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) అంటే అధికారులు గీసిన గీత అని చాలామంది అనుకుంటారు. నిజానికి అలుగు అంచు ఎంత ఎత్తుందో, ఆ మట్టంలో చెరువు చుట్టూ కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) లాగితే వచ్చే హద్దు అది. అందుకే అలుగును ఒక్క అడుగు తెగ్గొడితే చాలు, చదునుగా ఉన్న వైపు నీరు బోలెడు దూరం వెనక్కి జరిగి కొత్త ప్లాట్లు తేలతాయి. భారీ వానలో అలుగు పొర్లేటప్పుడు నీటిమట్టం ఎఫ్‌టీఎల్‌ను కూడా దాటుతుంది. హద్దు బయట కట్టడాలు లేకుండా వదిలే బఫర్ విలువ తెలిసేది అప్పుడే. భవన నిర్మాణ నిబంధనలపై 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల వెడల్పు దాటిన నాలాకు 9, అంతకు లోపుదానికి 2 మీటర్లు.

కొన్నవాళ్ల మాటలోనూ నిజం ఉంది. చాలా చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దుపై ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక తుది నోటిఫికేషన్ ఏళ్ల తరబడి ఆగింది. అయితే రిజిస్ట్రేషన్ చేతులు మారిందని చెబుతుందే తప్ప అక్కడ ఇల్లు కట్టొచ్చని చెప్పదు.

రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదుతో ప్లాట్లు చూపించే ఏజెంటు ముందుగా పాత పహాణీలో (భూమి, సాగు వివరాల రెవెన్యూ రికార్డు) శిఖం అన్న మాట ఉందేమో వెతకాలి, గ్రామ నక్షాలో సర్వే నంబరు చెరువుకు ఏ పక్కన పడిందో చూడాలి. తర్వాత అలుగు మీద సర్వే కొలకర్ర (స్టాఫ్) నిలబెట్టి, ఎత్తులు కొలిచే పరికరమైన ఆటోలెవెల్‌తో ప్లాటు మట్టం పోల్చాలి. అలుగును కొట్టిన ఆనవాళ్లుంటే నీటిపారుదల శాఖ రికార్డులోని పాత మట్టమే లెక్క. ప్లాటు ఎత్తుగా కనిపించినా ఒక గుంత తవ్వించాలి. పైన మొరం, కింద నల్లటి ఒండ్రు తగిలితే అది పూడ్చిన చెరువే. అక్కడ పునాది కుంగుతుంది, వానాకాలం సెల్లార్‌లోకి నీరు ఊరుతుంది.