వానలో నెగడు: నేను తరచూ వినే అపోహలు

జనాన్ని క్యాంపులకు తీసుకెళ్లడం నా పని. వాన పడిన సాయంత్రం నెగడు దగ్గర వినిపించే మాటలు ఏళ్లుగా ఇవే.

అపోహ: తడిసిన కట్టె మండదు.

వాస్తవం: తడి ఎక్కడుందో చూడాలి. చెట్టు మీదే ఎండిపోయిన కొమ్మ రాత్రంతా వానలో ఉన్నా నీళ్లు చాలావరకు పైపైనే ఉంటాయి. మణికట్టు లావు కొమ్మను నిలువునా నాలుగు ముక్కలుగా చీల్చండి. లోపలి వైపు చెంపకు ఆనిస్తే చెమ్మ తగలదు. ఆ పొడి చెక్కను కత్తితో పల్చగా చెక్కుతూ, పేళ్లు ఊడిపోకుండా పుల్లకే కుచ్చులా వేలాడనివ్వండి. ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంటుంది.

పచ్చికట్టె సంగతి వేరు. అప్పుడే కొట్టిన దాని బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. నీళ్లను 0 నుంచి 100 డిగ్రీలకు కాచడానికి పట్టే వేడికి ఐదు రెట్లకు పైగా, కాగిన ఆ నీళ్లను ఆవిరి చేయడానికి కావాలి. మీ చిన్న మంట బతుకంతా ఆ చాకిరీకే సరి. అందుకే విరిచి చూడండి. ఫట్‌మంటే తెచ్చుకోండి, వంగితే వదిలేయండి.

అపోహ: కాస్త పెట్రోల్ పోస్తే సరి.

వాస్తవం: పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారుగా పాకుతుంది. అగ్గిపుల్ల గీసేసరికి మీ కాళ్ల దగ్గరికీ వచ్చి ఉండొచ్చు. పైగా భగ్గుమనేది పెట్రోలే, అది కాలిపోయాక కట్టె ఎప్పటిలాగే తడిగా ఉంటుంది. నా సంచీలో వాజలీన్ పట్టించిన దూది ఉండలుంటాయి. ఒక్కోటి కొన్ని నిమిషాలు నిలకడగా మండుతుంది.

అపోహ: మంట లేవగానే పెద్ద కట్టెలు పెట్టేయాలి.

వాస్తవం: మొదట్లో నేనూ ఇదే చేశాను. ఆత్రంకొద్దీ చేయి లావు దుంగ పెట్టేశా. బుస్సుమంది, పొగ లేచింది, అంతే. అగ్గిపెట్టెలో మిగిలినవి మూడు పుల్లలు. చుట్టూ అందరూ నా వైపే చూస్తుంటే పడ్డ టెన్షన్ ఇంకా గుర్తే. ఇప్పుడు అగ్గిపుల్లంతవి, పెన్సిలంతవి, బొటనవేలంతవి మూడు కుప్పలు పక్కన పడితేగానీ అగ్గిపెట్టె బయటికి తీయను. కుప్ప సరిపోతుందనిపించాక ఇంకో అంత ఏరమంటాను. తిట్టుకుంటూనే ఏరుతారు. పెద్ద కట్టెల్ని మాత్రం మంట చుట్టూ సెగ తగిలేలా పేర్చి ఆరబెడతాం.

అపోహ: పొగ వస్తే గట్టిగా ఊదాలి.

వాస్తవం: చాలాసార్లు లోపం కింద ఉంటుంది. తడి నేల సెగనంతా లాగేస్తుంది. ముందు నాలుగైదు లావు కట్టెలు పక్కపక్కన పరిచి, మంట వాటి మీద రాజేయండి. పుల్లల మధ్య గాలి ఆడే సందు వదలండి. ఊదక తప్పకపోతే మంట అడుగుకి, నెమ్మదిగా.

అపోహ: నెగడు చుట్టూ ఏ రాళ్లయినా పెట్టొచ్చు.

వాస్తవం: వాగులోంచి తెచ్చినవి వద్దు. లోపల చిక్కిన నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి.

అపోహ: పొగ లేని నిప్పుల్ని టెంట్‌లో పెట్టుకోవచ్చు.

వాస్తవం: దీని మీద నేను వాదించను, నిప్పుల్ని బయటికి తీసేస్తానంతే. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. చలేస్తే తడి బట్టలు మార్చుకుని స్లీపింగ్ బ్యాగ్‌లో దూరండి.