చెవికి అందని ఫ్రెంచి

ఇంటర్లో నా రెండో భాష ఫ్రెంచి. చదువు కాకినాడలో. తెలుగు కంటే మార్కులు బాగా పడతాయని సీనియర్లు చెబితే తీసుకున్నాను. సంస్కృతం, ఫ్రెంచి తీసుకునేవాళ్ళలో చాలామంది లెక్క అదే. పుస్తకంలో ప్రతి ఫ్రెంచి మాట కిందా పెన్సిలుతో తెలుగులో ఎలా పలకాలో రాసుకునేవాళ్ళం. 'మీరెలా ఉన్నారు' అనే వాక్యం కింద నేను రాసుకున్నది 'కామెంట్ అల్లెజ్ వౌస్'. రెండేళ్ళలో ఆ భాష పుట్టుకతో మాట్లాడేవాళ్ళ గొంతు క్లాసులో ఒక్కసారి వినపడలేదు. మార్కులు మాత్రం తొంభై దాటాయి. 1997 వేసవిలో యానాం వెళ్ళినప్పుడు, ఆ ఊరు భారతదేశంలో విలీనం కాకముందు అక్కడి ఫ్రెంచి బళ్ళో చదివిన ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని నన్ను 'కొమాఁతాలేవూ' అని పలకరించారు. అది నేను రెండేళ్ళు చదివిన వాక్యమేనని ఆయన కాగితం మీద రాసి చూపించేదాకా తెలియలేదు.

ఇప్పుడు మన ఊళ్ళ హైస్కూళ్ళలో గోడకు పెద్ద పెద్ద తెరలున్నాయి, ప్రతి మాస్టారి జేబులో ఇంటర్నెట్టు ఉంది. వీటితో చదువు బాగుపడుతుందా చెడుతుందా అని వాదన జరిగినప్పుడల్లా నాకు ఆ అరుగే గుర్తొస్తుంది. తరగతి గదిలోకి యంత్రం రావడం మనకు ఇది మొదటిసారి కాదు. ప్రతిసారీ ఏం తెచ్చారు, ఏం వదిలేశారు అన్నది చూస్తే ఇప్పటి గొడవ సగం అర్థమవుతుంది.

యానాంతో మొదలుపెడతాను. పరాసులు, అంటే ఫ్రెంచివాళ్ళు, అక్కడ 1723లో వర్తకం పెట్టారు, సాగక నాలుగేళ్ళకు ఎత్తేశారు, 1731లో మళ్ళీ వచ్చారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోకి పోతూ వస్తూ ఉన్నా రెండు శతాబ్దాలకు పైగా ఆ గౌతమి ఒడ్డు ఫ్రాన్సుదే. చుట్టూ డెల్టా అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. పొలం గట్టు దాటితే చట్టం మారిపోయేది. శారదా చట్టం బాల్యవివాహాలకు అడ్డుపడ్డాక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పెళ్ళిళ్ళ కోసం బళ్ళు కట్టుకుని యానాం వెళ్ళింది అందుకే, కల్యాణపురమని పేరు పడిందీ అందుకే. బడి భాష కూడా గట్టు దాటితే మారేది. ఇటు ఇంగ్లీషు, అటు ఫ్రెంచి.

1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన పోయింది. 1956 మే 28న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి, అది 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందం 28వ అధికరణం ప్రకారం, ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు వేరుగా నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికార భాషగానే ఉండాలి. కాగితం మీద భాష బతికింది. కాని ఫ్రెంచి చదువు పైకి సాగాలంటే 870 కిలోమీటర్ల అవతల పుదుచ్చేరికి పోవాలి. ఇంట్లో, బజార్లో, పడవ మీద అంతా తెలుగే. ఫ్రెంచి బళ్ళో చదివిన తరం ఏటేటా తగ్గిపోతూ వచ్చింది. ఆ గొంతులు తగ్గినకొద్దీ పాఠం అచ్చు పుస్తకంలోకి ముడుచుకుపోయింది. మనిషి గొంతు దొరకని చోట యంత్రం కావలసింది సరిగ్గా ఇలాంటప్పుడే.

భాషను చెవితో నేర్పాలన్న మాట కొత్తది కాదు. 1902లో ఫ్రాన్సు తన సెకండరీ బళ్ళలో పరాయి భాషలు చెప్పే పద్ధతినే మార్చేసింది. అనువాదం పక్కనపెట్టి నేరుగా ఆ భాషలోనే మాట్లాడుతూ నేర్పమంది. కొద్ది ఏళ్ళకే ఆ గాలి మన తీరానికీ తగిలింది. ఉత్తర కోస్తాకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ మాట్లాడే భాష మీదుగా బోధన జరగాలని నమ్మినవాడు. తెలుగు పిల్లల పుస్తకాల్లో ఉన్న తెలుగూ, వాళ్ళ నోట్లో ఉన్న తెలుగూ వేరెందుకయ్యాయని ఆయన అడిగాడు. ఆ ప్రశ్న గురజాడకూ గిడుగుకూ చేరింది. వాడుక భాషా ఉద్యమాన్ని మనం కవుల గొడవగా గుర్తుపెట్టుకున్నాం గాని, దాని మొదలు తరగతి గదిలో భాష ఎలా చెప్పాలన్న దగ్గరే ఉంది. గిడుగు తన చివరి ఏళ్ళలో కొంతకాలం రాజమండ్రిలోనే గడిపాడు. ఆయన గెలిచాడు, మన పుస్తకాల తెలుగు మారింది. పరాయి భాషల పాఠం మాత్రం మారలేదు. ఇంగ్లీషైనా ఫ్రెంచైనా చూసి రాయడం, బట్టీ పట్టడం అలాగే మిగిలాయి.

ఫ్రాన్సు ఇంకో అడుగు వేసింది. 1950లలో జార్జ్ గూగెనైమ్ బృందం టేపు రికార్డరు పట్టుకుని మామూలు జనం మాటలు పట్టి, ఏ మాట ఎక్కువ వాడుకలో ఉందో లెక్కగట్టింది. దాన్నిబట్టి మొదటి మెట్టులో నేర్పడానికి సుమారు 1,500 మాటల జాబితా తయారైంది. దాని మీద 1960లలో కొత్త రకం పాఠాలు కట్టారు. తెర మీద బొమ్మ పడుతుంది, టేపులో వాక్యం వినిపిస్తుంది, పిల్లలు అంటారు. మొదటి వారాల్లో పుస్తకం తెరవనివ్వరు, ఎందుకంటే ఫ్రెంచి రాత ఫ్రెంచి పలుకును దాచేస్తుంది. 'మాట్లాడడం' అనే ఒక్క క్రియకే మూడు రాతలుంటాయి, మూడూ నోట్లో 'పార్ల్' అనే పలుకుతాయి. ముందు రాత చూసినవాడికి ఆ మూడూ మూడు మాటలైపోతాయి. నా పెన్సిలు రాతలకు జబ్బు ఇక్కడే.

ఆ దేశం తప్పులూ చేసింది. 1985 జనవరిలో ప్రధాని లోరాఁ ఫాబియుస్ 50,000 బళ్ళకు 1,20,000 కంప్యూటర్లు ఇస్తామని ప్రకటించాడు. యంత్రాలు వచ్చాయి. టీచర్లకు దొరికింది కొద్ది రోజుల శిక్షణ, పాఠానికి పనికొచ్చే సరుకు తక్కువ. కొన్నేళ్ళకే చాలా వాటికి దుమ్ము పట్టింది.

మన దగ్గర దుమ్ము కథ ఇంకాస్త పాతది. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బడి పిల్లల కోసం ఆకాశవాణి పాఠాలు ప్రసారం చేసేది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత ప్రాథమిక బళ్ళకు క్యాసెట్టు కూడా పాడే రేడియోలు, పై బళ్ళకు కలర్ టీవీలు ఇచ్చే పథకం వచ్చింది. ఆ క్యాసెట్టు రేడియో భాషకు నిజంగా పనికొచ్చే వస్తువు: ఆపొచ్చు, వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించొచ్చు. నేను చదివిన బళ్ళో అలాంటిది ఒకటుండేది, హెచ్చెమ్ గారి బీరువాలో. పోతే జవాబు చెప్పుకోవాలని తాళం. పంద్రాగస్టుకి బయటికి తీసి పాటలు పెట్టేవాళ్ళు, సాయంత్రానికి మళ్ళీ బట్ట కప్పి లోపల పెట్టేవాళ్ళు. ఆయన్ని తప్పుపట్టను. వస్తువును రిజిస్టరులో ఎక్కించిన శాఖ, అది ఎన్ని గంటలు మోగిందని ఎప్పుడూ అడగలేదు. దాన్ని వాడితే ప్రమాదం, దాచితే క్షేమం.

కరెంటు సంగతి డెల్టాలో వేరే చెప్పాలి. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో స్తంభాలన్నీ నేలమీదే. లంక ఊళ్ళలో బడికి పోవాలన్నా పడవే, ఏటా వరద నెలల్లో అదీ ఆగిపోతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు యానాం వీధుల్లో కూడా పడవలే తిరిగాయి. ఇలాంటి చోట గోడకు బిగించిన యంత్రం కంటే చేతిలో పట్టే యంత్రమే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆ తర్వాత పథకాలు వేగంగా వచ్చిపడ్డాయి. 2004 సెప్టెంబరు 20న చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది, రాష్ట్ర ప్రభుత్వం నడిపిన 'మన టీవీ' పాఠాలు బళ్ళకు చేరాయి. 2016 డిసెంబరులో, జీడిపప్పుకు పేరుపడ్డ మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబర్ లైను వేశారు. 2017లో ఉపాధ్యాయ దినోత్సవం నాడు డిజిటల్ పాఠాలు దొరికే దీక్ష పోర్టల్ మొదలైంది, క్రమంగా పాఠ్యపుస్తకాల పేజీల్లో క్యూఆర్ కోడ్‌లు కనపడ్డాయి. లైను ఉన్నంత మాత్రాన నమ్మకం లేదని 2022 మే నెలలో తేలింది. జిల్లా పేరు గొడవల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్టు ఆపేస్తే, ఇంటి నుంచి పని చేసుకునే కుర్రాళ్ళు సిగ్నలు కోసం ఏటి గట్ల మీదికి పోయారు.

కరోనా సమయంలో అసలు లెక్క బయటపడింది. 2020లో బళ్ళు మూతపడితే దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, ఫోన్లలో వాట్సాప్ గ్రూపులు పుట్టాయి. మా వైపు చాలా ఇళ్ళలో పనికొచ్చే ఫోను ఒక్కటే. అది పొద్దున్నే నాన్నతో రొయ్యల చెరువు గట్టు మీదికి పోతుంది, రాత్రి ఏరేటర్లు చూసుకుని ఆయన వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది. హోంవర్కు ఫోటో పంపలేదని గ్రూపులో పేరు పడేది మాత్రం ఆ పిల్లదే.

ఇప్పటి తెరలు ప్రభుత్వ బళ్ళను బాగుచేసే నాడు–నేడు పనులతో వచ్చాయి. నేను చూసినవి మంచి వస్తువులే. కాని మాస్టార్లను కదిపితే టెక్నాలజీ అనగానే వాళ్ళకు ముందు గుర్తొచ్చేది పాఠం కాదు. మొన్నటిదాకా తీసిన మరుగుదొడ్ల ఫోటో, మధ్యాహ్న భోజనం ఫోటో, 2022 ఆగస్టు నుంచి సొంత ఫోనులో మొహం చూపించి వేసే హాజరు. పొద్దున్న తొమ్మిదింటికి సిగ్నలు కోసం ఆవరణంతా ఫోను ఎత్తి పట్టుకు తిరిగిన మనిషికి, అదే ఫోనుతో పదింటికి పాఠం చెప్పాలని ఎందుకనిపిస్తుంది?

అయినా చెప్పేవాళ్ళున్నారు. ఈమధ్య డెల్టాలో ఒక ఫ్రెంచి క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. స్పీకరు లేదు. టీచరు ఫోనును స్టీలు గ్లాసులో నిలబెట్టారు, నలభై మందికీ వినపడింది. పెట్టింది ఫ్రాన్సు అంతర్జాతీయ రేడియో రోజూ ఇచ్చే పది నిమిషాల తేలిక ఫ్రెంచి వార్తలు, అందులోంచి నలభై సెకన్లు. డేటా మీద ఆధారపడకుండా రాత్రే ఇంటి దగ్గర దింపుకొచ్చారు. మొదటిసారి కళ్ళు మూసుకుని, తెలిసిన ఊళ్ళ పేర్లు ఎన్ని వినపడ్డాయో వేళ్ళ మీద లెక్కపెట్టమన్నారు. రెండోసారి వినపడినట్టు తెలుగు లిపిలోనే రాయమన్నారు. మూడోసారి ఆ వార్త పాఠం కాగితం ఇచ్చి పోల్చుకోమన్నారు. ఆ రేడియో వార్తతో పాటు దాని రాతప్రతి కూడా ఉచితంగా ఇస్తుంది. టీవీ5 మోఁద్ వాళ్ళ అభ్యాసాలూ మెట్లుమెట్లుగా అలాగే దొరుకుతాయి. నా ఇంటర్ రోజుల్లో వీటిలో ఒక్కటుంటే చాలు.

తర్వాత ఆవిడ బోర్డు మీద మూడు మాటలు రాశారు: ద్రాక్షసారా, గాలి, 'వెళ్తారు'. ఫ్రెంచిలో మూడూ వకారం మీద ముక్కుతో పలికే అచ్చులు, దగ్గరగా రాస్తే వేఁ, వాఁ, వోఁ. పిల్లలు వేం, వాం, వోం అన్నారు. నిండు సున్న చూడగానే తెలుగు నోరు మూతపడి చివర మకారం వచ్చేస్తుంది. ఆవిడ సున్న చెరిపి అరసున్న పెట్టారు. 'పద్యాల్లో చదువుకున్నారుగా, దీనికి పెదవులు కలవకూడదు' అన్నారు. ఫోనులో ఆ మూడు మాటలూ మళ్ళీ మోగాయి. ఈసారి ముందు వరస అమ్మాయి గొంతులో తేడా వచ్చింది. వాడుకలోంచి ఎప్పుడో పోయిన మన అక్షరం పారిస్ మాటను పట్టిచ్చింది.

నన్ను ముప్పై ఏళ్ళ కిందట ఓడించిన వాక్యం కూడా ఆ రోజు వచ్చింది. విడిగా అంటే పలకని టి అక్షరం, పక్కన అచ్చు రాగానే ఎందుకు లేచి పలుకుతుందని ఒకడు అడిగాడు. నిలువుటద్దంలో టకారం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆవిడ ఎదురడిగారు. రెండింటి పుట్టుకా ఒకటి కాదు. ఫ్రెంచిది పాత అక్షరం మిగులు, మనది మధ్యలో వచ్చి చేరిన ఆగమం. కాని టుగాగమం తెలిసిన పిల్లాడికి ఆ చప్పుడు వింతగా అనిపించదు. ఈ పోలిక ఏ యాప్‌లోనూ నాకు కనపడలేదు. దొరికే సరుకులో చాలా భాగం ఇంగ్లీషు మీదుగా వస్తుంది, తెలుగు నోటికి ఎక్కడ తడబాటో దానికి తెలియదు. అది తెలిసింది మాస్టారికి. స్వయంగా ఇన్ని వనరులు పంచుతున్న ఫ్రాన్సే 2018లో చట్టం చేసి తన బళ్ళలో పదిహేనేళ్ళ లోపు పిల్లల చేతిలో ఫోను వద్దంది. టీచరు చేతిలో ఉండడం వేరు, పిల్లల చేతిలో ఉండడం వేరు అని నేనూ నమ్ముతాను.

మరి ఇలాంటి క్లాసులు ఎందుకు అరుదంటే నాకు కనపడే పెద్ద కారణం పరీక్ష. ఇంటర్ రెండో భాషకు మూడు గంటల రాత, వంద మార్కులు. వినడానికి మార్కు లేదు, మాట్లాడడానికి లేదు. స్టీలు గ్లాసులో ఫోను పెట్టి గడిపిన పిరియడు, మార్కుల లెక్కలో వృథా పోయిన పిరియడు. అదే ఫ్రాన్సు ఇచ్చే డెల్ఫ్ సర్టిఫికెట్టు మొదటి మెట్టులోనే వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటికీ తలా 25 మార్కులు, ఏ ఒక్కదాంట్లో 5 రాకపోయినా తప్పినట్టే. పదో తరగతికి చిరకాలం మన రాష్ట్ర బోర్డు వెంట నడిచిన యానాం ప్రభుత్వ బళ్ళు 2023–24 నుంచి సీబీఎస్ఈ వైపు మారుతూ వచ్చాయి. అక్కడ భాషల అంతర్గత మార్కుల్లో వినికిడికి, మాటకు కొంచెం చోటుంది. చాలా కొంచెం, అయినా ఉంది.

1954కి ముందు యానాం బళ్ళో పలక పట్టినవాళ్ళకు ఇప్పుడు డెబ్భై అయిదు దాటి ఉంటాయి. కిందటి ఏడు వాళ్ళలో ఒకాయన్ని ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఆరు నిమిషాలు. వెనకాల ఆటో హారన్లు, ఎవరో కొబ్బరాకు ఈడ్చుకుపోతున్న చప్పుడు. ఆయన ఫ్రెంచిలో ఎక్కాలు చెబుతారు, ఏడో ఎక్కం మధ్యలో ఆగి తెలుగులో 'ఇక్కడే దెబ్బలు తిన్నాను' అని మళ్ళీ మొదటినుంచి అందుకుంటారు. ఆ ఫైలు ఆ టీచరుకు పంపించాను. ఏడో ఎక్కం మూడుసార్లు పెట్టించుకున్నారట పిల్లలు.